అందరూ నాకు దారిచ్చారు

అరవైల మొదట్లో మాట. గుంటూరులో మెడిసిన్ రెండో ఏడు చదువుతూ వేసవి సెలవులకు జగ్గయ్యపేట వచ్చాను. క్లాసులో మిగతావాళ్లంతా డాక్టర్లయ్యేవాళ్లనీ, నన్ను మాత్రం పొరపాటున చేర్చుకున్నారనీ అప్పటికే మనసులో ఉండేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా వీధంతా నన్ను డాక్టరమ్మ అనేది.

ఒకరోజు పొద్దున పక్కింటి పెద్దమ్మ పొయ్యి దగ్గర పడిపోయింది. నేను వెళ్లేసరికి మూతి ఒక పక్కకు వంకర పోయి, ఒక చెయ్యి చచ్చుబడి ఉంది. నన్ను చూడగానే గుమ్మంలో జనం తప్పుకున్నారు.

"జరగండి, డాక్టరమ్మొచ్చింది," అన్నాడు ఆమె భర్త. "చూడమ్మా, ఏం చేద్దాం?"

అప్పటిదాకా నేను చదువుకోసం ముట్టుకున్నవి శవాలే. ముఖంలో ఏ నరం ఎటు పోతుందో చెప్పగలను. ఏం చేయాలో తెలియదు. నాడి పట్టుకున్నాను. కొట్టుకునేది ఆమె నాడో నాదో కూడా తెలియలేదు.

"నాకింకా ఇవి నేర్పలేదు పెదనాన్నా. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్దాం," అన్నాను.

"నువ్వెట్టా అంటే అట్టాగేనమ్మా," అన్నాడాయన.

బస్సులో ఆమె తల నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆమె బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నందిగామ డాక్టరు గారు చూసి, చేయగలిగింది పెద్దగా లేదన్నారు. ఆ వారంలోనే పెద్దమ్మ పోయింది.

దినానికి వచ్చినవాళ్లతో పెదనాన్న, "మా డాక్టరమ్మ ఉండబట్టి ఆ నాలుగు రోజులన్నా బతికింది," అని చెబుతున్నాడు. అది వింటూనే విస్తళ్లు వేశాను.