బాపు సగంలో ఆపిన కథ

పుస్తకం ఎట్లా ఉందని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను నోరు విప్పను. ఒకప్పుడు అట్లా ఉండేదాన్ని కాదు. పన్నెండేళ్ళకే నా నోటికి జడిసి మా నాన్న, నేను బాపు అనేదాన్ని, పుస్తకాలు ఏరి ఏరి తెచ్చేవాడు. ఆ నోరే నా కొంప ముంచింది. చెప్పుకుంటే మనసు తేలికపడుతుందంటారు గాని, నాకైతే ఆ నమ్మకం లేదు.

మేము ఉప్పుగూడ స్టేషన్‌కు దగ్గర్లో ఉండేవాళ్ళం. బాపు భూములు కొలిచే కచేరీలో గుమాస్తా, అప్పుడప్పుడు కొలతలకు ఊళ్ళకు కూడా పోయేవాడు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకేమో బడిలో నేర్పిన తెలుగే గాని ఉర్దూ అక్షరం రాదు. అమ్మకు రెండూ రావు. అందుకని మా ఇంట్లో పుస్తకం చదవడానికి ఒకటే పద్ధతి. బాపు సాయంత్రం కచేరీ నుంచి వచ్చి, చాయ్ తాగి, ఉర్దూ పుస్తకం ఒళ్ళో పెట్టుకునేవాడు. కళ్ళతో ఉర్దూ చదువుతూ నోటితో తెలుగు చెప్పేవాడు. అమ్మ జొన్నరొట్టెలు చేస్తూ వినేది, నేను ఎదురుగా కూర్చుని వినేదాన్ని.

పుస్తకం అయిపోయిన రోజున మూసేసి నా వైపు తిరిగేవాడు.

"ఎట్లుంది బిడ్డా? నిజం చెప్పాలె. మొహమాటం వద్దు."

నేనా మొహమాటపడేది! జాసూసీ నవలలంటే నాకు ప్రాణం. అయినా మూడో పుస్తకానికే కిటుకు దొరికిపోయింది. మొదట్లో అందరికంటే మర్యాదగా మాట్లాడేవాడే ఖూనీ చేసి ఉంటాడు. నాలుగో పుస్తకంలో రెండోరోజే దొంగను పట్టేసి బాపు ఉత్సాహం మీద నీళ్ళు చల్లాను. ప్రేమ నవలలంటే ఒళ్ళు మంట. ఆ పిల్ల పరదా చాటు నుంచి వాణ్ణి ఒక్కసారి చూస్తుంది, ఇక పుస్తకమంతా ఏడుస్తుంది. "గామెకు ఇంట్ల పనేం లేదా బాపూ?" అంటే అమ్మ కూడా పడీపడీ నవ్వేది. రాజుల చరిత్రలో యుద్ధం మీద యుద్ధం, ఒక్కడూ కూర్చుని అన్నం తిన్న పాపాన పోలేదు. బస్రా వెళ్ళొచ్చిన ఒకాయన యాత్ర పుస్తకంలో ఊరి గురించి రెండు ముక్కలు, అక్కడి తిండి నోట పెట్టలేకపోయానని ఇరవై పేజీలు. కవిత్వం మాత్రం నాకు అన్యాయం చేసింది. బాపు రెండు పాదాలు చదువుకుని, "వాహ్!" అని కళ్ళు మూసుకునేవాడు. ఏమిటి బాపూ అంటే, "చందమామ గురించి మస్తు మంచిగ చెప్పిండు, తెలుగుల రాదు" అనేవాడు. వాహ్ ఒక్కటే నా వంతు.

ఈ పుస్తకాలన్నీ దబీర్‌పురాలో అద్దెకిచ్చే ఒక చిన్న దుకాణం నుంచి వచ్చేవి. యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చిన తర్వాత కొన్నాళ్ళకు ఆ దుకాణదారు కరాచీలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. దుకాణం మూతపడింది. పది రోజులు మా సాయంత్రాలు బోసిపోయాయి. పదకొండో రోజున బాపు గోడ బల్ల మీద నుంచి ఒక లావుపాటి పుస్తకం దించాడు. అట్ట చిరిగిపోయి ఖాకీ కాగితం వేసి ఉంది. ఇంట్లోనే ఇంకో నవల ఉందన్న సంగతి మర్చిపోయానన్నాడు.

అందులో గొలుసుతో భూములు కొలిచే ఒక మనిషి ఉన్నాడు. ఇద్దరన్నదమ్ములు పొలం పంచుకోవాలని ఆయన్ని పిలిపించారు. కొలిస్తే హద్దు సరిగ్గా బావి నడిమి నుంచి పోయింది. పెద్దవాడు అన్నం తెచ్చి పెట్టి నా బావి అన్నాడు. చిన్నవాడు మజ్జిగ తెచ్చి నా బావి అన్నాడు. ఆ మనిషి ఎవరికీ ఏమీ చెప్పలేక బావిగట్టు మీద కూర్చున్నాడు. మూడు సాయంత్రాలు గడిచినా ఆయన అక్కడే కూర్చున్నాడు. బాపు ఎప్పుడూ లేనిది చాలా మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. పేజీ తిప్పడం కూడా మర్చిపోయేవాడు. "బాపూ, పేజీ తిప్పు" అని నేనే గుర్తుచేసేదాన్ని.

మూడోరోజు పుస్తకం అయిపోకుండానే అడిగాడు. "ఎట్లున్నది బిడ్డా?"

"ఏంది బాపూ గిది! ఖూన్ లేదు, దొంగ లేడు. గా మనిషి లేవడు, నడవడు. రాసినాయనకు కథ చెప్పుడే రాదు."

"నిజంగనే గట్లనిపిచ్చిందా?"

"నిజంగనే. పక్కకు పెట్టెయ్."

బాపు నవ్వాడు. "సరే తియ్" అని పుస్తకం మూసి బల్ల మీద పెట్టేశాడు. రేపటి నుంచి నా తెలుగు పుస్తకాలే నేను చదివి వినిపించాలన్నాడు. నాకు సంబరమైంది. బడి నుంచి పుస్తకాలు తెచ్చి గొంతెత్తి చదివేదాన్ని. ఆయన బుద్ధిగా వినేవాడు.

ఆ ఎండాకాలంలో బాపుకు కామెర్లు వచ్చాయి. పసరు మందులు వాడారు, దవాఖానాకు తీసుకుపోయారు. ఇరవై రోజులు కూడా ఉండలేదు. ఎండు కట్టెలా అయిపోయిన ఆ చెయ్యి పట్టుకుని కూర్చోవడం తప్ప నాకేమీ చేతకాలేదు.

దినాలైపోయాక ఇల్లు తినడానికి వస్తున్నట్టుండేది. సాయంత్రమైతే ఏడుపు ఆగేది కాదు. ఒకరోజు ఆ ఖాకీ అట్ట పుస్తకం కనబడింది. అది బాపు నాకు చదువుతూ ఆపేసిన పుస్తకం. మిగిలింది కూడా వింటే ఆయన మాట ఇంకొన్నాళ్ళు నాతో ఉన్నట్టుంటుందనిపించింది. బావి ఎవరికిచ్చాడో కూడా తెలుసుకోవాలి. పక్క గల్లీలో ఆడపిల్లలకు ఉర్దూ చెప్పే ఒకావిడ ఉండేది, అందరం ఖాలా అనేవాళ్ళం. పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి పరిగెత్తాను.

ఖాలా కుడివైపు నుంచి తెరిచి ఒక పేజీ చూసింది. ఇంకో పేజీ చూసింది. మధ్యలో తెరిచింది, చివర తెరిచింది.

"బేటీ, ఇండ్ల కహానీ ఏడున్నది? గొలుసు ఎన్ని గజాలుండాలె, జమీన్ ఎట్ల కొలవాలె, హద్దురాళ్ళు ఎట్ల పాతాలె, గివే ఉన్నయి. కచేరీ కితాబ్ ఇది."

"లేదు ఖాలా, ఇద్దరన్నదమ్ములుంటరు. బావి ఉంటది. మంచిగ చూడుండ్రి."

ఆమె నా మాట కాదనకుండా మళ్ళీ మొదటి నుంచి ఒక్కో పేజీ వేలు పెట్టి చూసుకుంటూ పోయింది. సగం దాకా పోయి ఆగింది. పుస్తకం మూసి నా తల నిమిరింది.

"మీ బాపు కితాబ్ చూసి చెప్పలే, బేటీ. తన దిల్‌ల నుంచి చెప్పిండు."

ఎట్లా ఇంటికొచ్చానో తెలియదు. సొంత కథ అని ముందే చెబితే నేను నిజం చెప్పనని భయపడ్డాడేమో. బాపు జన్మలో ఒకే ఒక్క కథ కట్టాడు. రాసినాయనకు కథ చెప్పడమే రాదని ఆయన మొహం మీదే అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఆమె ముందు కూలబడ్డాను.

"అమ్మా, గా బావి కథ పుస్తకంల లేదట. బాపే కట్టిండట. నీకెర్కేనా?"

అమ్మ చేట ఆపింది. "ఎర్కే. గా అన్నదమ్ములది మీ బాపు కొల్వవోయిన ఊరే."

"మరి నేను వద్దన్నంక, నువ్వన్నా మిగిలింది చెప్పిచ్చుకోకపోయినవా?"

"అడిగినగాదే. ఎన్నిసార్లు అడిగిననో. 'నీకేందే, నేనేం చెప్పినా మంచిగుందనే అంటవు. బిడ్డ గట్ల కాదు. అది బాగలేదన్నదంటే నిజంగనే బాగలేనట్టు' అన్నడు. ఇగ మల్ల ఎత్తలే."