చారల చేపలకు నీళ్లు మార్చిందెవరు?

దయ్యాల కథలంటే మా ఇంట్లో నవ్వులాటే. నాన్న హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో టెక్నీషియన్. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. దిష్టి గుమ్మడికాయ కూడా మా గుమ్మం ఎక్కలేదు. అలాంటి ఇంట్లో ఇది జరిగింది కాబట్టే ఇన్నేళ్లూ బయట చెప్పడానికి మొహమాటపడ్డాను.

మాది తెనాలి వైపు. నేను రెండో తరగతిలో ఉండగా తార్నాకలో ఒక ఇంటి పై వాటాలో అద్దెకు దిగాం. అందరిళ్లలో టీవీ ఉండే చోట మా ఇంట్లో నాలుగడుగుల అక్వేరియం ఉండేది. అందులో కాన్విక్ట్ సిక్లిడ్లు. ఒంటి మీద జైలు బట్టల్లాంటి నల్ల చారలు ఉంటాయని వాటికి కాన్విక్టులని, అంటే ఖైదీలని, పేరు. మేం మాత్రం చారల చేపలు అనేవాళ్లం. వేలెడంత ఉంటాయి, పౌరుషం మాత్రం చాలా ఎక్కువ. గుడ్లు పెట్టాక ఆడా మగా రెండూ కాపలా కాస్తాయి. తొట్టిలో చెయ్యి పెడితే వచ్చి పొడుస్తాయి. దారి తప్పిన పిల్లను నోట్లో పెట్టుకుని తెచ్చి గుంపులో వదులుతాయి.

మొదటి జంటను మాకిచ్చింది సత్తయ్య అంకుల్. ఆయన క్యాంపస్‌లో జువాలజీ ల్యాబ్ అటెండరు. భువనగిరి దగ్గర పల్లె ఆయనది, ఇల్లు లాలాపేట్‌లో. ఏదో పని మీద ఆ ల్యాబ్‌కు వెళ్లిన నాన్న అక్కడి తొట్టి ముందు గంటసేపు నిలబడిపోయారట. అలా కలిసింది స్నేహం.

ఆ తర్వాత పదేళ్లకు పైగా ప్రతి ఆదివారం పొద్దున సత్తయ్య అంకుల్ సైకిల్ బెల్లు వినబడాల్సిందే. మూతపెట్టిన డ్రమ్ములో ముందురోజే నీళ్లు పట్టి ఉంచేవాళ్లం, క్లోరిన్ పోవడానికి. ఆయన రబ్బరు పైపు ఒక కొస తొట్టిలో వేసి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఒక్కసారి పీల్చి, నీళ్లు పెదవి దాకా రాకముందే వేలు అడ్డం పెట్టేవారు. నేను ప్రయత్నించిన ప్రతిసారీ నోటి నిండా చేపల నీళ్లే. అమ్మ ఉప్మా వాసన, రేడియోలో పాటలు, బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు. నా చిన్నతనంలో ఆదివారమంటే అదే.

చేపపిల్లలు పుడితే ఉడికించిన గుడ్డు పచ్చసొనను పలచటి గుడ్డలో కట్టి నీళ్లలో పిండేవారు ఆయన. పని అయ్యాక బకెట్‌ను బోర్లించి, గుడ్డను ఉతికి కుళాయికి ముడేసి వెళ్లేవారు. మేం ఊరెళ్తే చూసుకుంటారని మా ఇంటి తాళంచెవి ఒకటి ఆయనకిచ్చారు నాన్న.

తర్వాత ఉద్యమం వచ్చింది. క్యాంపస్‌లో క్లాసుల కంటే ర్యాలీలు ఎక్కువయ్యాయి. నేను కాలేజీకి వెళ్లే దారిలో దీక్షా శిబిరంలో సత్తయ్య అంకుల్ మెడలో దండతో కూర్చుని కనిపించేవారు. నన్ను చూసి, "ఏం బిడ్డా, చేపలు మంచిగున్నయా?" అని అరిచేవారు.

ఒక ఆదివారం నీళ్లు మారుస్తుండగా మాట మీద మాట వచ్చింది.

"పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాం. ఇప్పుడు మమ్మల్ని పొమ్మంటే ఎట్లాగయ్యా?" అన్నారు నాన్న.

"మిమ్మల్ని ఎవ్వలు పొమ్మన్నరు సార్? మా రాష్ట్రం మాక్కావాలన్నం, గంతే."

నాన్నకు కోపమొచ్చింది. "మేం రాకముందు ఇక్కడేముందోయ్?"

సత్తయ్య అంకుల్ చేతిలో బకెట్ కింద పెట్టారు. "మేమున్నం సార్," అన్నారు.

అంతే. మెట్లు దిగి వెళ్లిపోయారు. మిగిలిన నీళ్లు నాన్నే పోశారు. తర్వాతి రెండు ఆదివారాలు సైకిల్ బెల్లు మోగలేదు. ఆయన తాళంచెవి తిరిగివ్వలేదు, నాన్న అడగలేదు.

మూడో వారం పిన్ని కూతురి పెళ్లికి తెనాలి వెళ్లాలి. సరిగ్గా బయలుదేరే ముందురోజు చారల చేప తొట్టిలోని మట్టికుండీలో గుడ్లు పెట్టింది. నాన్న ఫోను చేతిలోకి తీసుకున్నారు, పెట్టేశారు. "మూడు రోజులేగా," అన్నారు ఎవరూ అడక్కుండానే.

మూడు రోజులు పదకొండయ్యాయి. బందులు, రాస్తారోకోలు, రైళ్లు నిలిచిపోయాయి. నాన్నకు పెళ్లి భోజనం సహించలేదు. "పెద్దవి బతుకుతాయేమో. పిల్లలు ఉండవు," అని ఒకటికి పదిసార్లు అన్నారు.

తిరిగొచ్చి తలుపు తీసింది మధ్యాహ్నం పన్నెండింటికి. కుళ్లువాసన వస్తుందని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లింది అమ్మ. ఏ వాసనా లేదు. తొట్టిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. కుండీ చుట్టూ ఆవగింజంత పిల్లలు మబ్బులా తిరుగుతున్నాయి, అటూ ఇటూ తల్లీ తండ్రీ. నిండుగా పెట్టి వెళ్లిన డ్రమ్ము సగానికి తగ్గింది. బకెట్ బోర్లించి ఉంది. కుళాయికి తడిగుడ్డ ముడేసి ఉంది. విప్పి చూశాను. పసుపురంగు మరక.

నాన్న కుర్చీలో కూలబడ్డారు. "వచ్చాడే. అంతమాటన్నా వచ్చాడు," అని కళ్లు తుడుచుకున్నారు.

కింద వాటాలో ఉండే ఓనరమ్మను అడిగాను. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కదు. "మీ సత్తయ్య దినం తప్పిచ్చి దినం వచ్చిండు గదా. పిలిస్తె పలుకలే. తలకు తెల్ల తువ్వాల సుట్టుకున్నడు. పైన బకెట్ సప్పుడు గూడ ఇన్న," అంది.

ఆ సాయంత్రమే నాన్నా నేనూ లాలాపేట్ వెళ్లాం. ఇంటికి తాళం. ఆయన ఆస్పత్రిలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు.

వార్డులో మంచం మీద సత్తయ్య అంకుల్, తలకు తెల్లటి కట్టుతో. పక్కన ఆయన భార్య యాదమ్మ. మేం బస్సెక్కిన మర్నాడే క్యాంపస్ దగ్గర తొక్కిసలాట జరిగిందట. టియర్ గ్యాస్ పొగలో కిందపడ్డ ఒక విద్యార్థినిని లేపబోయి ఆయన పడ్డారు, తల రోడ్డు మధ్య రాయికి తగిలింది. ఆరు రోజులు తెలివి లేదు. ఆ తర్వాత కూడా మంచం దిగలేదు. యాదమ్మ ఒక్క పూట కూడా కదల్లేదు.

"తెలివి లేనప్పుడు గూడ ఊకె పెదవులు సుట్టి ఏందో పీలుస్తుండె సార్. దూపయితుందేమో అని నీళ్లు పోస్తె మింగకపాయె," అంది.

నాన్న నా వైపు చూశారు.

మా ముఖాలు చూసి యాదమ్మ ఇంకేదో అనుకుంది. "తాళంచెవి కోసం వచ్చిండ్రా సార్?" అంటూ మంచం కింది నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. చేర్చుకున్నరోజు విప్పిన బట్టలు. ఆస్పత్రివాళ్లు ముడేసి ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. ముడి విప్పలేక పళ్లతో కొరికింది. ఎండిన రక్తంతో గట్టిపడిన చొక్కా జేబులో మా తాళంచెవి ఉంది. రెండో తాళంచెవి పదకొండు రోజులూ అమ్మ బ్యాగులో ఉంది. మూడోది లేదు.

నాన్న ఆయన చెయ్యి పట్టుకున్నారు. "సత్తయ్యా, ఆ రోజు నేనన్న మాట..." అన్నారు.

"ఇడ్సిపెట్టుండ్రి సార్." నీరసంగా నవ్వారాయన. "పిల్లలు ఈదుతున్నయా?"

గుడ్లు పెట్టిన సంగతి మేం ఆయనకు చెప్పలేదు. ఆయన మా ఇంటికొచ్చి అప్పటికి నెలరోజులు కావొస్తోంది.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఓనరమ్మ పొరబడి ఉండొచ్చు. పెద్ద చేపలు రెండు వారాలు తిండి లేకుండా బతుకుతాయి. కానీ డ్రమ్ములో నీళ్లు ఎక్కడికి పోయాయి? ఇంట్లో ఒక్క గుడ్డు లేనప్పుడు ఆ సొన మరక ఎక్కడిది? ఫిజిక్స్‌లో నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. ఇక్కడ మాత్రం సున్నా.

సత్తయ్య అంకుల్ కోలుకున్నారు. ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. ఆయన, నాన్న ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. రాష్ట్రం వచ్చిన రోజు ఆయన మిఠాయి డబ్బాతో వచ్చారు. నాన్న ఒకటి తిని, డాక్టరు వద్దన్నా ఇంకొకటి తీసుకున్నారు.

ఆ రోజు ఆయన్ని సాగనంపడానికి మెట్లు దిగుతూ ఉండబట్టలేక అడిగాను. "అంకుల్, నిజం చెప్పండి. అప్పుడు మీరు వచ్చారా?"

ఆయన సైకిల్ స్టాండు తీశారు.

"రావాలని మస్తు కొట్టుకున్నది బిడ్డా పానం. వచ్చిన్నో లేదో మాత్రం నాకు ఎర్కలేదు."

నాకూ తెలియదు.