తుడవకూడని దుమ్ము

2003 జూన్‌లో మా పురావస్తు శాఖ నుంచి నన్ను అనంతపురంలోని ఒక ట్రస్టు మ్యూజియానికి మూడు నెలల డెప్యుటేషన్ మీద వేశారు. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నా ఉద్యోగం ఒకటే: పాత తైలవర్ణ చిత్రాలను శుభ్రం చేసి, చినిగినచోట అతికించి, నివేదిక రాయడం.

అక్కడ నాకు అప్పగించినది డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక చిత్రకారుడు గార్లదిన్నె ప్రాంతంలో వేసిన ప్రకృతి చిత్రం. రాళ్ల గుట్ట, ఎర్ర నేల, ఎడంగా నడుస్తున్న ఒక మనిషి. చీటీ మీద ‘ఒంటరి బాటసారి’ అని ఉంది. మిగతాదంతా గోధుమరంగు మసక. చలిదేశాల చిత్రకారులు దక్షిణాదికి వస్తే ఆబగా గీసేది ఎండనూ నీలాకాశాన్నీ అని చదువుకున్నదాన్ని కదా, ఆ మసకంతా వార్నిష్‌దేనని తేల్చేశాను. బొమ్మకు రక్షణగా పూసే ఆ పారదర్శకమైన పూత ఏళ్లు గడిస్తే పసుపుబారుతుంది. పై మూల గోరంత మేర దూదిపుల్లతో తుడిస్తే నీలం తేలింది. క్యూరేటర్ గారు మురిసిపోయి, ప్రారంభోత్సవానికి బొమ్మంతా అలాగే తేటగా కావాలన్నారు. గుట్ట మొదట్లో మసక మాత్రం లొంగలేదు. ఘాటు ద్రావకం కలిపాను. దానితో అసలు రంగు పోయిందంటే మళ్లీ రాదు.

మ్యూజియం ఊడ్చే నారాయణమ్మ వెనక వచ్చి నిలబడింది. ఆమెది బత్తలపల్లి దగ్గర గొర్రెలు కాసే కుటుంబం.

“ఏం మేడమ్మా, ఆ దుమ్ము యాల తుడుస్తాండావు?”

“దుమ్ము కాదు, పాత పూత. నీ పని చూసుకో.”

“దుమ్ము సంగతి సూసేదే నా పని గదా! అది గొర్రెల మంద దుమ్ము.”

“గొర్రెలు యాడుండాయి, చూపించు!”

“దుమ్ములోనే ఉండాయి. ఆషాడం గాలికి అంతా ఒక తట్టుకే లేస్తాండాది. ఆ గాల్లో మంద యెనక నడిస్తే కండ్లు పోతాయి. అందుకే కాపరి గాలొచ్చే తట్టు ఎడంగా నడుస్తాండాడు. వాడు బాటసారేంది, నీ తలకాయ!”

నేను గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగినదాన్ని. గొర్రెతో నా పరిచయం పళ్లెంలోనే. అయినా ఆమెను ఓడించాలనే భూతద్దం తీశాను. మసకలో సన్నటి తెల్ల చుక్కలు వరసగా కనిపించాయి. గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వేశాను. పాత వార్నిష్ ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది. నేను తుడిచినచోట్ల తప్ప మెరుపు బొమ్మంతా ఒకే తీరుగా ఉంది. మసక అలా లేదు. గుట్ట మొదట్లో చిక్కగా మొదలై, గాలి పోయే వైపు పలచబడింది. అది చిత్రకారుడు వేసిన రంగే.

ఘాటు ద్రావకం పారబోశాను. పలచటి దానితో వార్నిష్ ఒక్కటే తీస్తే దుమ్ము ఇంకా ఎర్రగా తేలింది. క్యూరేటర్ గారు రెండు రోజులు వాదించారు. నాతో వాదించి నెగ్గినవారు మా శాఖలో లేరు. నెగ్గిన నారాయణమ్మది మా శాఖ కాదు. చీటీ ‘మందతో కాపరి’గా మారింది.

ఆ తర్వాత ఏ ప్రకృతి చిత్రం చేతికొచ్చినా, సీసా మూత తీసేముందు ఆ నేల మీద పనిచేసిన మనిషికి చూపించాను. వాళ్లు చెప్పినదాన్ని వాళ్ల పేరుతోనే నివేదికలో రాశాను. దీపం పరీక్ష ఆ తర్వాతే.