మైక్రో చెయ్యని జిరాక్స్ అక్క

షట్టర్ పైకెత్తి స్విచ్ వేశాక జిరాక్స్ మిషన్ వేడెక్కడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలూ అరుణజ్యోతి మిషన్ మూత మీద చేతులు ఆనించి కళ్లు మూసుకునేది. పెదవులు కదిలేవి కావు. గ్రూప్స్ మెటీరియల్ చేతుల్లో పట్టుకుని బయట నిలబడ్డ కుర్రాళ్లు ఒకరినొకరు పొడుచుకునేవారు.

"అక్కకు పొద్దుగాల్నే నిద్రొస్తున్నట్టుందిరా."

పచ్చలైటు వెలగగానే ఆమె కళ్లు తెరిచేది. "నిద్ర కాదు తమ్మీ. మిషన్ కన్న ముందుగాల నేను వేడెక్కాలె గద. ఎన్ని కాపీలు?"

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కిందుగా రెండో సందులోకి తిరిగితే ఆ షాపు ఉండేది. యజమాని వెంకట్రావుది తెనాలి. ఎప్పుడో ముప్పయ్యేళ్ల కిందట వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. అరుణజ్యోతిది నకిరేకల్ దగ్గర పల్లె. భర్త లింగస్వామి డీసీఎం వ్యాను నడుపుతాడు. ఎల్‌బీ నగర్ రింగురోడ్డు వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటారు. పదో తరగతి దాకా చదివిన ఆమె పదకొండేళ్లు వెంకట్రావు షాపులో మిషన్ ఆపరేటరుగా పనిచేసింది. ఎం.ఏ. రోజుల్లో నా నోట్సులన్నీ అక్కడే కాపీలయ్యాయి. ఎల్‌బీ నగర్‌లో టైర్ల దుకాణం పైన ఉన్న ప్రార్థన మందిరానికి మేమిద్దరం వెళ్లేవాళ్లం. అక్కడ ఆమె పిల్లలకు సండే స్కూలు చెప్పేది.

పనిలో చేరిన మొదటి ఏడాది, డిగ్రీ పరీక్షలప్పుడు ఒక విద్యార్థి గైడు చేతికిచ్చి "అక్కా, మైక్రో" అన్నాడు. అదేమిటో ఆమెకు తెలియదు. వెంకట్రావు చూపించాడు. పదహారు పేజీలను కుదించి ఒకే కాగితం మీదికి తేవాలి. దాన్ని కత్తిరించి మడతలు పెడితే అరచేతిలో ఇమిడిపోయే చీటీలవుతాయి. పరీక్షల నెలలో ఆ సందులోని ప్రతి జిరాక్స్ షాపుకూ అసలు గిరాకీ అదే. అవి దేనికో అర్థమయ్యాక ఆమె మిషన్ మీద నుంచి చెయ్యి తీసేసింది.

"సార్, గిది నేను చెయ్య."

"ఏమ్మా, చేతులు నొప్పా?"

"చేతులకేం గాలే. కాపీ కొట్టనీకె గద ఇది. నేను దేవుని బిడ్డను సార్, నాతోని గాదు. పనిల కెళ్లి తీసేస్తే తీసెయ్యుండ్రి."

"అంటే నేనేమన్నా దయ్యం బిడ్డనా?" అని వెంకట్రావు నవ్వాడు. "సరేలే, ఆ పాపమేదో నేను చేసుకుంటాను. నువ్వు ల్యాబ్ రికార్డులు చూసుకో."

ఆ రోజు నుంచి పదకొండేళ్లు అదే పద్ధతి నడిచింది. మైక్రో వస్తే వెంకట్రావు స్టూలు దిగి మిషన్ దగ్గరికి వచ్చేవాడు, ఆమె పక్కకు జరిగి బైండింగ్ చేసేది. మిషన్ పైన గోడకు వెంకటేశ్వరస్వామి పటం, దానికి ఆయన పెట్టిన అగరువత్తి. ఒక్కనాడూ ఆయన ఆమెను బలవంతపెట్టలేదు, జీతంలో కోత పెట్టలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆమె విశ్వాసాన్ని గౌరవించిన మనిషి ఆ విశ్వాసం లేనివాడు. గౌరవించనివాడు ఎవరో ఇప్పుడు చెబుతాను.

మా సంఘపెద్ద ప్రభుదాస్. అరవై దాటిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు మల్గీలున్నాయి, వాటిలో ఒకటి వెంకట్రావు షాపు నడిచే గది. మందిరం కిరాయిలో సగం ఆయనే కడతాడు. ప్రతి ఆదివారం లేచి సాక్ష్యం చెబుతాడు. బోరులో నీళ్లు పడటం దేవుని కృప. నాగోల్‌లో కొన్న ఫ్లాటుకు తూర్పు వాకిలి రావడం దేవుని కృప. కారుకు కోరుకున్న ఫ్యాన్సీ నంబరు దొరకడం కూడా దేవుని కృపే. మేమంతా స్తోత్రం అనేవాళ్లం. నేనూ అన్నాను.

నిరుడు నవంబరులో వెంకట్రావు నడుము పూర్తిగా పడిపోయింది. డాక్టరు ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు, నిలబడవద్దన్నాడు. ఆయన తెనాలిలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నాడు.

"మిషన్లు నీకిచ్చేస్తానమ్మా. నెలనెలా కొంత పంపు, చాలు. గది సంగతి మాత్రం మీ పెద్దాయన్ని అడుక్కోవాలి" అన్నాడు.

ఆమె అడిగేలోపే ప్రభుదాసుకు కబురు చేరింది. మరుసటి ఆదివారం ఆయన అందరి ముందూ లేచి, "మన సంఘపు ఆడపడుచు అరుణజ్యోతికి జనవరి నుంచి నా మల్గి ఇస్తున్నాను. దేవుడు ఆమెకు తెరిచిన ద్వారం ఇది" అన్నాడు. చప్పట్లు కొట్టాం. అరుణజ్యోతి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ షాపు ఆమెకు ఎంత కావాలో చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. పదకొండేళ్లు ఇంకొకరి మిషన్ దగ్గర నిలబడి కాళ్లల్లో నరాలు ఉబ్బిన మనిషి. సాయంత్రాలు ఇంటికి వెళ్తూ బోర్డులు రాసే దుకాణం ముందు ఆగేది. నీలం మీద తెల్ల అక్షరాలు బాగుంటాయా, పసుపు మీద ఎర్రవా అని నన్ను అడిగింది. లింగస్వామి అప్పుడే తోటి డ్రైవర్ల దగ్గర "మా ఇంటామె సేటమ్మ అయితున్నది" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

మా మందిరంలో కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రతివారూ పళ్లెంలోంచి ఒక వాగ్దాన కార్డు తీసుకుంటారు. దాని మీద ఉన్న బైబిల్ వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తమకిచ్చిన మాట అని నమ్మి బీరువా తలుపుకో, ఆటో అద్దానికో అంటించుకుంటారు. ఆ కార్డులు ఏటా అరుణజ్యోతే చేసేది, డబ్బు తీసుకోకుండా. పూల అంచు మధ్య ఒక్కో కాగితం మీద ఒక్కో వాక్యం టైపు చేసి ఇస్తారు. ఆమె వాటిని కుదించి, దళసరి గులాబి రంగు కాగితం మీద పదహారేసి చొప్పున తీసి కత్తిరించేది.

డిసెంబరు చివరి వారంలో ప్రభుదాస్ ఆ కట్ట ఇచ్చి వెళ్లాడు. ఎవరు ఏ కాగితం తెచ్చినా మొదట తిరగేసి చూడటం ఆమె పద్ధతి. చిరుగులుంటాయి, పిన్నులుంటాయి, ఒక్కోసారి తాకట్టు కాగితాల మధ్య ఎవరిదో ఆధార్ కార్డు ఉంటుంది. ఈ కట్టను మాత్రం చూడలేదు. వాక్యాలు, అదీ సంఘపెద్ద చేతి నుంచి వచ్చినవి, వాటిని తనిఖీ చేయడమేమిటనుకుంది. తిన్నగా మిషన్‌లో పెట్టి, పదహారు వాక్యాలు పట్టే ఒక్కో రకానికి అయిదు కాపీలు నొక్కింది.

మొదటి మూడు రకాలూ పూల అంచులతో, వాక్యాలతో వచ్చాయి. నాలుగో రకంలో పూలు లేవు. గులాబి కాగితం మీద చీమల బారులా అక్షరాలు. మందుల పేర్లు, మోతాదులు, ఇంజెక్షన్ల పట్టికలు. కట్ట అడుగున చివరి పదహారు కాగితాలూ నర్సింగ్ నోట్సు. చేతిరాత ఆమెకు తెలుసు. ప్రభుదాస్ చిన్న కూతురు జ్యోతికది. నర్సింగ్ రెండో సంవత్సరం. జనవరి మొదటి వారంలో పరీక్షలు. సండే స్కూల్లో ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది అరుణజ్యోతే.

పదిహేను కాదు, పదిహేడు కాదు, సరిగ్గా పదహారు. పొరపాటున కలిసిన కాగితాలు అంత లెక్కగా ఉండవు.

ఆమె ఆ అయిదు గులాబి కాగితాలనూ కట్టర్ కింద పెట్టి పేలికల్లా కోసేసింది. నోట్సును ఒక కవరులో పెట్టింది. శనివారం మధ్యాహ్నం ప్రభుదాస్ వచ్చినప్పుడు నేను ప్రాజెక్టు కాగితాలతో అక్కడే ఉన్నాను.

"అయినయా బిడ్డా కార్డులు?"

"అయినయి పెద్దయ్యా. గివి వాగ్దానాలల్ల కలిసినయి. జ్యోతిక నోట్సు లెక్కుంది."

ఆయన నావైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కలవలే. నేనే పెట్టిన. పిల్ల జర పరేషాన్ల ఉంది, ఒక్క పేపరే. బయట చేయిస్తే ఎవరన్న చూస్తరు, సంఘంల పేరు పోతది. నువ్వైతే మన మనిషివి."

"మన మనుషులని చూడకుంట మిషన్ల ఏసిన. పదకొండేండ్లల్ల నేను చూడకుంట ఏసింది మీ కట్ట ఒక్కటే."

"మరి వాగ్దానాలు గూడ గిట్లనే చిన్నగ చేస్తివి గద. గదే మిషన్, గదే బటన్. దాంట్ల లేని పాపం దీంట్ల ఏడికెళ్లొచ్చింది?"

"బటన్ల పాపమున్నదని నేనంటలేను పెద్దయ్యా. రేపు దవాఖానల సూది పట్టుకున్నంక, ఎంత మందు ఎక్కియ్యాలెనో పిల్ల జేబులకెళ్లి చీటీ తీసి చూస్తదా?"

స్టూలు మీద నడుముకు దిండు పెట్టుకుని కూర్చున్న వెంకట్రావు దగ్గాడు. "నన్నడగాల్సింది ప్రభుదాస్ గారూ. నాకు అలవాటేగా. మీరు మరీ దేవుడి కాగితాల్లో చుట్టి పంపారు."

ప్రభుదాస్ ఆమె వైపే తిరిగి అడిగాడు. "జనవరి నుంచి గీ మల్గి ఎవరికిస్తనన్ననో యాదికుందా అరుణమ్మా?"

"యాదికుంది."

"మరి?"

మిషన్ పక్క చెక్క మీద, బోర్డుల దుకాణం వాడు ఇచ్చిన నమూనా కార్డు ఉంది, నీలం మీద తెల్ల గీతలతో. ఆమె దాన్ని బోర్లా తిప్పి పెట్టి, "మల్గి మీది పెద్దయ్యా. చెయ్యి నాది" అంది.

మరుసటి ఆదివారం ప్రభుదాస్ లోబడటం గురించి ప్రసంగించాడు. పెద్దలకు లోబడనివారు గర్వపు ఆత్మతో ఉన్నారన్నాడు. పేరు చెప్పలేదు. చివర్లో పేరు చెప్పి రెండు ప్రకటనలు చేశాడు. సండే స్కూలు ఇకపై వేరొకరు చూస్తారు. మల్గి విషయంలో దేవుని చిత్తం వేరుగా ఉంది. పాస్టరు అయ్యగారు చాప అంచులు లెక్కపెడుతున్నట్టు నేలను చూస్తూ కూర్చున్నాడు. నెల కిందట చప్పట్లు కొట్టిన నూటఇరవై మందిలో ఒక్కరు లేవలేదు. నేనూ లేవలేదు. నా నోరు అలాంటి చోట పెగలదు. కానీ అది సంజాయిషీ కాదు.

దేవుని చిత్తం వేరుగా ఉందట. ఇరవై మూడేళ్లు వచ్చినా నాకు ఇంతవరకూ అంత కోపం రాలేదు. కూతురి చీటీలను వాక్యాల అడుగున దాచినవాడు దేవుని చిత్తం ఏమిటో చెప్పాడు, మేము విన్నాం. బయటివాళ్లు మమ్మల్ని ఏదో అన్నారని వారం వారం కన్నీళ్లతో ప్రార్థించే మేము, మాలో ఒకతె తాను నమ్మిందాన్ని పనిలో చేసి చూపిస్తే ఆమెను వెలివేసినంత పనిచేశాం. ఆరాధన అయ్యాక మెట్ల మీద ఇద్దరు ఆడవాళ్ల మాటలు నా చెవిన పడ్డాయి.

"ఒక్క కాగితానికి గంత పంతమేందమ్మా. దేవుడిచ్చిన షాపు పోగొట్టుకున్నది."

"తెలివి లేనిది. ఆయనకు చేసిస్తే ఏం పోయేది, ఎవలన్న చూసిండ్రా?"

ఎవరైనా చూశారా అని అడిగింది ప్రార్థనలో కూర్చుని లేచి వచ్చిన మనిషి.

లింగస్వామి నాలుగు రోజులు భార్యతో మాట్లాడలేదు. అయిదో రోజు అన్నం ముందు కూర్చుని, "నీ దేవుడు గూడ గింత పట్టుబట్టడే. నువ్వాయన కన్న ఎక్కువైతున్నవ్" అన్నాడు. ఆమె కూర వడ్డించింది. కాసేపటికి మళ్లీ ఆయనే, "అయినా ఆ పెద్దమనిషి ముంగట నాకు నోరే రాదు. నీకెట్ల వచ్చిందే గంత మాట?" అని అడిగాడు.

"వచ్చింది. వచ్చినంక ల్యాబ్ రికార్డు తలకిందులుగ బైండింగ్ చేసిన, గది మీకు ఎవరూ చెప్పలే."

వెంకట్రావు మిషన్లు తక్కువకే అమ్మేసి తెనాలి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు ఒక చిన్న మిషన్ ఆమెకు ఉంచుతానన్నాడు. పెట్టుకోవడానికి గది లేక ఆమె వద్దంది. ఆ మల్గిలోకి ఎక్కువ కిరాయికి కొత్తవాడు వచ్చాడు. "ఇచ్చట మైక్రో చేయబడును" అని బయట ఎర్ర అక్షరాలతో పెద్ద బోర్డు పెట్టాడు. ప్రభుదాస్ ఆ బోర్డు కింద నుంచే కిరాయి తీసుకుని వస్తాడు, ఆదివారం కానుక పెట్టెలో వేస్తాడు.

జ్యోతిక పక్క సందులో మైక్రో చేయించుకుంది. పట్టుబడలేదు. పాసైంది. దాని మీద కూడా సాక్ష్యం చెప్పారు, ఆ రోజు నేను స్తోత్రం అనలేదు. ఇప్పుడు మందిరంలో ఎవరైనా అరుణజ్యోతి పేరెత్తితే "ఆమె చెయ్యకపోతే ఆగిందా?" అంటారు. ఆగలేదు. ఆపడానికి ఆమె ఆ పని మానలేదు. ఒక తప్పు తన చేతుల మీదుగా జరగకూడదని మానింది. ఇంత చిన్న సంగతిని ఏళ్ల తరబడి ప్రసంగాలు విన్నవాళ్లకు మళ్లీ విడమరచి చెప్పాల్సి రావడమే నాకు ఒళ్లు మండిస్తుంది.

మొన్న ఆమెను కలిసినప్పుడు, షాపు పోయినందుకు బాధ లేదా అని అడిగాను. లేదంటుందనుకున్నాను.

"ఎందుకుండదు? బోర్డు రంగు గూడ అనుకున్న గద. గా సందు ముంగటికెళ్లి పోవాలంటె ఇప్పటికీ పాణం ఉసూరుమంటది. అందుకే మెట్రో దిగి చుట్టు తిరిగి పోతా." మళ్లీ తనే, "బాధ అయితే అయింది గని, మల్ల అడిగినా చెయ్య" అంది.

అరుణజ్యోతి ఇప్పుడు ఎల్‌బీ నగర్ కోర్టు ఎదురుగా ఒక నోటరీ గది ముందున్న జిరాక్స్ మిషన్ దగ్గర నెల జీతానికి పనిచేస్తోంది. ఆదివారాలు హయత్‌నగర్‌లోని ఒక చిన్న సంఘానికి బస్సులో వెళ్తుంది.