కడిగిన చెక్ ట్రే

కిందటేడు శ్రావణంలో, ఉదయం ఎనిమిదీ పదికి, దెందులూరు దగ్గర ఒక రొయ్యల చెరువులో మరియమ్మ చెక్ ట్రే ఎత్తింది. చెక్ ట్రే అంటే వల బిగించిన పళ్ళెం. గుప్పెడు మేత వేసి నీళ్ళలో దింపుతారు. రెండు గంటలయ్యాక ఎత్తి, మిగిలినదాన్ని బట్టి తరవాతి పూట మేత ఎంతో నిర్ణయిస్తారు. అది చెప్పడమే నా పని. ఏలూరు నుంచి ఇరవై ఏళ్ళుగా చెరువులకు తిరుగుతున్నాను.

రైతు సత్యంగారు రోజూ ఫోన్‌లో "ట్రే ఖాళీ అండీ" అనేవారు. నేను మేత పెంచమనేవాణ్ణి. పదిహేను రోజులకు నీళ్ళలో అమ్మోనియా పెరిగింది, తెల్లవారేసరికి రొయ్యలు పైకి తేలుతున్నాయి. అంతకుముందు ఆయనకు రోగం తగిలి రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే చెరువు వదిలేస్తానన్నారు. అందుకే వెళ్ళాను.

మరియమ్మ కాపలాదారు భార్య, యాభై దాటిన మనిషి. ట్రేను గట్టు దాకా లాగి, నీళ్ళలో మూడుసార్లు జాడించి, మూలలు చేత్తో రుద్ది మా ముందు పెట్టింది.

"చూశారా, ఒక్క గుళిక లేదు," అన్నారు సత్యంగారు.

"మరియమ్మగారూ, ఇప్పుడేం చేశారండీ?" అన్నాను.

"కడిగానండీ. ఎంగిలి కంచం పెద్దోళ్ళ ముందు పెడతామేంటండీ?"

సత్యంగారు ట్రే మీదికి వంగారు. "ఎన్నాళ్ళ నుంచి కడుగుతున్నావు మరియమ్మా?"

"వచ్చిన కాడ్నించీనండీ. ఒక్క పూట మానలేదు."

ఆయన గట్టు మీద కూలబడి పగలబడి నవ్వారు. రోగం కాదని తేలినందుకు వచ్చిన నవ్వు అది.

"అది చెక్ చేయడానికమ్మా," అన్నాను.

"చెక్ అంటే బ్యాంకులో ఇచ్చేదీ, మా ఆయన లుంగీ మీద గళ్ళూ తెలుసండీ నాకు."

అవన్నీ ఒకే మాట నుంచి వచ్చాయని చెప్పాను. పారశీకంలో షా అంటే రాజు. చదరంగంలో రాజుకు ముప్పు వస్తే ఆ మాటతోనే హెచ్చరించేవారు. అది ఫ్రాన్సు మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి చెక్ అయింది. ఆపడం, సరిచూడడం, బ్యాంకు కాగితం అన్నీ అందులోంచే పుట్టాయి. గళ్ళు చదరంగం బల్లవి. ఇదంతా నాకు చెప్పింది తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు టీచరుగా చేసిన నా భార్య. అప్పటికి ఆమె పోయి ఏడు నెలలు. ఆమె చెప్పిన సంగతి నవ్వుతూ ఒకరికి చెప్పడం నాకదే మొదటిసారి.

"అయితే రాజుగారికి ముప్పని చెప్పేదాన్ని రోజూ నేనే కడిగేశానన్నమాట," అంది మరియమ్మ.

"ఆ రాజుగారు ఇదిగో, బురదలో కూర్చున్నారు," అన్నారు సత్యంగారు.

మరునాడు కడగని ట్రేలో సగం మేత మిగిలింది. ఇన్నాళ్ళూ అలా మిగిలిన మేతే చెరువు అడుగున కుళ్ళి అమ్మోనియా పెంచింది. మేత తగ్గించాం, కొంత నీరు మార్చాం, నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు ఆపకుండా తిప్పాం. వారంలో రొయ్యలు తేలడం మానేశాయి. రొయ్యలు పట్టిన రోజున సత్యంగారు మొదటి తట్ట మరియమ్మ చేతే ఎత్తించారు.

తప్పు ఆమెది కాదు. ట్రే ఎవరు ఎత్తుతున్నారో, ఎలా ఎత్తుతున్నారో అడగకుండా సలహా చెప్పింది నేను. చెరువు చూడకుండా మేత పెంచమని ఇప్పుడు ఎవరికీ చెప్పను.