కుడిచేతి రబ్బరు పిడి

పుట్టుకతోనే నాకు అనుమానం పాలు ఎక్కువ. పాలవాడు చెంబు ముందు పెడితే లోపలికి తొంగిచూసేవాణ్ణి. తక్కెడ ముల్లు సరిగ్గా నిలబడ్డాక కూడా తట్ట కింద చెయ్యి పెట్టి తడిమేవాణ్ణి. పట్టు వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడికి ఆ మాత్రం ఉండాలని మా నాన్న మురిసిపోయేవారు. నాకున్నది ఆ మాత్రం కాదు, దానికి పదింతలు. దానివల్ల ఒక మంచి పనివాడికి నేను చేసిన అన్యాయం ఇన్నేళ్ళయినా మనసులోంచి పోలేదు.

మా గంజాం జిల్లా అప్పటికింకా మద్రాసు కిందే ఉండేది. బరంపురంలో మోటారు సైకిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గోపాలపూర్ నుంచి సీమకు వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర నేనొకటి కొన్నాను. దాని కుడిచేతి పిడి ఇటు తిప్పితే ఇంజను జోరందుకుంటుంది, అటు తిప్పితే తగ్గుతుంది. ఆ పిడి ఒక ఇనుప గొట్టం, దాని మీద నల్ల రబ్బరు తొడుగు. ఆ తొడుగు గొట్టాన్ని గట్టిగా పట్టుకుని ఉండాలి. వదులైతే రబ్బరొక్కటే చేతిలో తిరుగుతుంది, గొట్టం కదలదు. మనం తగ్గించామనుకుంటాం, బండి తగ్గదు.

పెళ్ళయిన కొత్తల్లో ఆ రబ్బరు వదులైంది. బడా బజార్ మొదట్లో సైకిళ్ళు బాగుచేసే మేస్త్రి ఒకతను ఉండేవాడు. మోటారు సైకిలును ముట్టుకునే ధైర్యం ఊళ్ళో అతనొక్కడికే ఉండేది. రబ్బరు ఊడదీసి, గొట్టాన్ని పెట్రోలు గుడ్డతో తుడిచి, పంచరు అతికించే సొల్యూషన్ లోపలా బయటా పూసి, ఒక్క ఊపున తొడుగు ఎక్కించాడు. చివర సన్నని రాగితీగ చుట్టి, ఒకరోజు బండి తియ్యొద్దన్నాడు. నేను తియ్యలేదు. అయినా పది రోజులు తిరక్కుండా రబ్బరు మళ్ళీ చేతిలో గిర్రున తిరిగింది.

నాకు వెంటనే తట్టింది ఏమిటంటే, సొల్యూషన్‌లో పెట్రోలు కలిపి పల్చన చేసి ఉంటాడని. రెండోసారి అతని పక్కనే స్టూలు వేసుకుని కూచున్నాను. డబ్బా మూత తీయించి వాసన చూశాను. అతను ఊడదీసిన రబ్బరును వెలుతురుకు పట్టి, లోపలికి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బాబూ, ఇంట్లో ఈ బండికి పూజా గట్రా ఏటైనా సేస్తారా?" అన్నాడు.

"పూజకీ రబ్బరుకీ ఏటి సంబంధం మేస్త్రీ? నీ పని నువ్వు సూడు," అన్నాను.

మాట మార్చాలని చూస్తున్నాడనుకున్నాను. పనిలో లోపం ఉన్నవాడే పూజల గురించి మాట్లాడతాడని నా లెక్క. అతను సరేనని తల వంచుకుని ఈసారి రెండు చివర్లా తీగ చుట్టాడు.

మూడోసారి వదులయ్యేసరికి నా అనుమానం ఇంకో మెట్టెక్కింది. నా మంచి రబ్బరు దాచుకుని, ఎవరిదో పాత రబ్బరు తొడిగాడనుకున్నాను. బండి అతని దగ్గరికి తీసుకెళ్ళేముందు గడ్డం గీసుకునే కత్తితో రబ్బరు అంచు లోపలి వైపు రెండు గీతలు పెట్టాను. పని అయ్యాక ఇంటికొచ్చి, అంచు మడిచి చూస్తే రెండు గీతలూ ఉన్నాయి. మంచివాడే అనుకోవాల్సింది. నా గీతలు కనిపెట్టి జాగ్రత్త పడ్డాడు, గట్టివాడే అనుకున్నాను.

తరవాతి వారం గోపాలపూర్ వెళ్తూ అంకులి అనే ఊరు దాటాక మలుపులో పడ్డాను. ఎదురుగా ఎడ్లబండి వస్తోంది. పిడి వెనక్కి తిప్పాను. రబ్బరు సబ్బుముక్కలా జారింది, బండి జోరు తగ్గలేదు. బ్రేకు తొక్కుతూ పక్కకి లాగేసరికి తిన్నగా మొగలి పొదలోకి వెళ్ళిపోయాను. మొగలి ఆకుల ముళ్ళు ఎలా ఉంటాయో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎడ్లబండి తోలుకొస్తున్న ఒడియా రైతు నన్ను బయటికి లాగి, "లాగిలా కి బాబు?" అని, దెబ్బ తగిలిందా అని, మూడుసార్లు అడిగాడు. నాకు దెబ్బకంటే కోపం ఎక్కువ తగిలింది.

చేతులనిండా గీతలతో తిన్నగా బడా బజార్ వచ్చాను. మేస్త్రి అంగడి ముందు నిలబడి, బజారంతా వినేలా నోటికొచ్చినట్టు తిట్టాను. "ఈ మనిషి పని నమ్ముకుంటే పాడె కట్టుకోవాల. మీ సైకిళ్ళు ఇతనికి ఇయ్యకండి," అన్నాను. నాది పాతకాలపు షావుకార్ల ఇల్లు. నా మాటకు బరువుందని నాకు తెలుసు, ఆ బరువంతా అతని నెత్తిన పెట్టాను. అతను చేతిలోని పానా కింద పెట్టి, నా గాయాల వైపు చూశాడు.

"ముందు ఆ సేతులు కడుక్కోండి బాబూ, సీము పడతాది," అన్నాడు.

పదిహేను రోజుల్లో అతని అంగడి బోసిపోయింది. గోడకు వరసగా ఆనించి ఉండే సైకిళ్ళు వీధి అవతల ఇంకొకడి దగ్గరికి చేరాయి. అతను ఖాళీగా కూచుని, ఉన్న పానాలనే తుడుచుకుంటూ కనిపించేవాడు. నాకు జాలి వెయ్యలేదు. తగిన శాస్తి జరిగిందనుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రబ్బరు నేనే అతికించుకున్నాను, అతను చేసిన పద్ధతిలోనే. అదీ వదులైంది. ఇక మేస్త్రిని అనడానికి లేదు. కాబట్టి ఎవరో ఓర్వలేనివాడు మా వసారాలోకి దూరి బండిని పాడు చేస్తున్నాడని తేల్చుకున్నాను. మా ఎదుటి కొట్టు వాళ్ళ మీద కన్ను వేశాను. ఒక శుక్రవారం పొద్దున్నే స్నానానికి వెళ్తున్నట్టు నటించి, వసారాలో పేర్చిన పట్టునూలు బేళ్ళ వెనక నక్కి కూచున్నాను.

కాసేపటికి నా భార్య వచ్చింది. తడి జుట్టు ముడి, చేతిలో దేవుడి దగ్గరి ఇత్తడి ప్రమిద. బండి దగ్గర నిలబడి, ప్రమిదలో మిగిలిన నూనెలో వత్తి ముంచి, కుడి పిడి అంచున నాలుగు చుక్కలు పిండింది. వేలితో ఆ నూనెను రబ్బరు లోపలికి నెట్టి, పిడిని కళ్ళకద్దుకుంది.

నేను బేళ్ళ వెనకనుంచి లేచేసరికి ప్రమిద జారవిడిచింది.

"ఏటది? ఏటి సేస్తన్నావు?" అన్నాను.

"నూనె రాస్తన్నానండీ. మా ఇంట్లో మా అయ్య నాగలి మేడికి శుక్రారం శుక్రారం దీపం నూనె రాస్తాడు. సెయ్యి పట్టే సోట నూనె నేకపోతే పగిలిపోతాది, పట్టినోళ్ళకి కీడు గదా. ఇది అంచుల్లో అప్పుడే పగిలినాది. మీరు పడిపోయిన కాడినుంచి మంగళారం కూడా రాస్తన్నాను."

ఆమె ఇచ్ఛాపురం అవతల పల్లెలో రైతుబిడ్డ. కర్రకు నూనె ప్రాణం పోస్తుంది. రబ్బరుకు అదే నూనె పట్టు వదిలిస్తుందని ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పవలసినవాణ్ణి నేను, నేను రబ్బరుకు గీతలు పెట్టుకుంటున్నాను. బండి దిగినప్పుడల్లా నా అరచేతికి దీపం నూనె వాసన వచ్చేది. ఊళ్ళో అందర్నీ అనుమానించినవాణ్ణి నా చేతి వాసన పట్టించుకోలేదు. ఆమెను కోప్పడడానికి నోరు రాలేదు. మొట్టమొదటిసారి నామీద నాకు అసహ్యం వేసింది.

అలాగే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. సంగతి మొదలుపెట్టకముందే అతను చిన్నగా నవ్వాడు.

"తెలిసీసినాదా బాబూ?"

"నీకు ముందే తెలుసా?"

"రెండోపాలి ఊడదీసినప్పుడే. లోపల వత్తి పోగు అంటుకునుంది. ఇంజను నూనె వాసన వేరు, దీపం నూనె వాసన వేరు."

"మరి సెప్పవేటి? నాను బజార్లో అన్నన్ని మాటలంటే నోరెత్తలేదేటి?"

"అడిగినాను గదా, పూజా గట్రా ఉందా అని. నీ పని సూడన్నారు. ఆ తరవాత నలుగుర్లో ఏటని సెప్పీది? షావుకారి ఇంట్లో ఆడకూతురు రాసిన దీపం నూనె తప్పని నానెలాగ అంతాను? ఆయమ్మ మంచికే సేసినాది. ఆ మాట ఒగ్గీండి. ఇప్పుడు కూడా ఆయమ్మ పేరు బజార్లో ఎత్తకండి."

ఆ మనిషి ముందు నిలబడడం కష్టమైంది. ఏ అంగడి ముందు తిట్టానో అక్కడే నిలబడి, పిలిచి మరీ నలుగురికీ చెప్పాను. తప్పు మేస్త్రిది కాదు, తెలివితక్కువగా రబ్బరుకు నూనె రాసుకున్నవాణ్ణి నేనే అన్నాను. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. రబ్బరుకు నూనె రాసిన షావుకారు అని చాలాకాలం నన్ను ఆటపట్టించారు. మేస్త్రి కొత్త రబ్బరు తెప్పించి తొడిగాడు. అది నేను బండి అమ్మేదాకా కదల్లేదు. నా భార్య శుక్రవారం నూనె ముందు చక్రం మీది రేకుకు మారింది.

సైకిళ్ళు ఒకటొకటిగా గోడ దగ్గరికి తిరిగొచ్చాయి. అన్నీ రాలేదు. మా పక్క వీధి బట్టల వర్తకుడి ఇంట్లో మూడు సైకిళ్ళుండేవి. నేను స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, గడపలో నిలబడి, తప్పంతా నాదేనని మళ్ళీ చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అంత గట్టిగా అన్న మనిషివి నువ్వు. ఇప్పుడు ఇంటికొచ్చి మరీ కాదంతన్నావంటే, అతను నిన్నేటి సేసినాడు?" అన్నాడు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. పాల చెంబు అడుగు చూసే చూపు అది. ఎన్ని విధాల చెప్పినా ఆయన నమ్మలేదు. ఆ మూడు సైకిళ్ళూ మేస్త్రి అంగడికి మళ్ళీ రాలేదు.