చెయ్యెత్తితే ఆగే మేళం

నా భార్య పోయిన మూడు వారాలకు ఎదురింటాయన వచ్చి మా వరండాలో కూర్చున్నాడు. ఆయనకు చిత్తూరు బజారులో పరుపుల అంగడి ఉంది. మామూలుగా గేటు తీస్తూనే మాట మొదలుపెట్టే మనిషి ఆ రోజు భుజం మీది తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"అన్నా, ఆదివారం పాప పెండ్లి. తేదీ మారుద్దామంటే మళ్లీ మండపం దొరకదంటా ఉండారు మగపెండ్లోళ్లు," అన్నాడు చివరికి.

"మార్చడం ఎందుకప్పా?"

"మార్చంలే. మేళం సంగతే ఏం చేయాల్నో తెలీలా. పాపను సాగనంపేటప్పుడు కారు ముందర బ్యాండు ఉండాది. మీ గేటు ముందర్నే పోవాల. నువ్వు వద్దంటే మాన్పిస్తా."

ఇట్లాంటి ప్రశ్నలు ఇంకొకరిని అడగడం ఇన్నేళ్లూ నా పని. నన్ను ఎవరూ అడగలేదు.

మా ప్రాంతంలో ఒక చిన్న సేవాసంస్థ ఉంది. తిరుపతి ఆస్పత్రులకు వచ్చే పేద రోగులకు సాయం చేస్తుంది, రక్తదాన శిబిరాలు పెడుతుంది. పండుగలకు ముందు అన్ని మతాల పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టి ఊరేగింపు ఏ దారిన పోవాలి, ఎక్కడ మేళం ఆపాలి అని మాట్లాడిస్తుంది. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాక నన్ను అందులోకి లాక్కెళ్లింది ఎదురింటాయనే. వినాయకుడి ఊరేగింపు మసీదు దగ్గరికి వచ్చేసరికి నేను తెల్లచొక్కా వేసుకుని మలుపులో నిలబడి చెయ్యెత్తేవాణ్ని. మేళం ఆగేది. ముస్లింల మిలాద్ ఊరేగింపు గంగమ్మ గుడి దగ్గరికి వచ్చినప్పుడూ అంతే. మళ్లీ మొదలుపెట్టమని మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. గుడో మసీదో దాటగానే వాళ్లే అందుకునేవాళ్లు.

నా భార్యకు మేళమంటే ఇష్టం. ఏ మతం వాళ్ల ఊరేగింపైనా, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి గేటు దగ్గరికి పోయేది. నేను ఇంటికి రాగానే, "వచ్చినాడు సామి! ఈ పొద్దు ఎవురి మేళం ఆపినావు?" అనేది. ఒకసారి, "ఆపమనేది బాగా నేర్చుకున్నావు. కొట్టమనేది యాడన్నా నేర్పిస్తారేమో కనుక్కో," అంది. నేను నవ్వాననే అనుకుంటున్నాను.

ఎదురింటాయన మాటలు వంటింట్లో ఉన్న మా అక్కకు వినిపించాయి. నా భార్య పోయినప్పటి నుంచి అక్క సత్యవేడులో ఇల్లు వదిలి నాతోనే ఉంటోంది.

"నెల మాసికం కూడా కాలేదు. సావింటి ముందర మేళమా? ఎవురన్నా ఇంటే ఏమనుకుంటారు?" అంది లోపలి నుంచే.

ఆయన గబుక్కున లేచాడు. "నిజమేక్కా. మాన్పించేస్తా."

"రేపు చెప్తాను, ఉండు," అన్నాను. చావు గురించీ దుఃఖం గురించీ చాలా పుస్తకాలు చదివాను. వాటిలో ఎక్కడా ఎదురింటి పెళ్లి మేళం లేదు.

మరుసటి రోజు పొద్దున పెళ్లికూతురే వచ్చింది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చేది. నా భార్యను పెద్దమ్మా అనీ నన్ను పెదనాయనా అనీ పిలుస్తుంది.

"పెద్దమ్మ ఆస్పత్రిలో నా చేత ఒట్టు పెట్టించుకునింది పెదనాయనా. 'నేనుంటే ఉంటా, లేకుంటే లేదు, మా గేటు ముందర మాత్రం బ్యాండోళ్లను నిలబెట్టి కొట్టించల్ల' అనింది."

"నాతో అనలేదే."

"మీతో అంటే మీరు మీటింగ్ పెడతారని అనలేదేమో."

ఆ మాట నా భార్య అన్నట్టే ఉంది. అందుకే అనుమానం వచ్చింది. మందులకు వెళ్లినప్పుడు తప్ప నేను ఆస్పత్రి మంచం వదల్లేదు. ఈ అమ్మాయి అబద్ధాలు చెప్పేది కాదు. కానీ సంస్థ పనిలో ఒకరి మాటను కొంచెం మెత్తబరిచి ఇంకొకరికి చేరవేయడం నాకూ ఆమె తండ్రికీ అలవాటే. నా బరువు తగ్గించడానికి ఆమె ఆ మాట కల్పించిందా? లేక ఆమె పెళ్లి ముచ్చట తీరడానికా? రెండూ తప్పు కావు. అయినా నాకు తెలియాలనిపించింది.

"కొట్టించమ్మా," అన్నాను.

అక్క ఆ మధ్యాహ్నం నా కంచం వరండాలో పెట్టి, తను వంటింట్లో తిన్నది.

ఆదివారం సాయంత్రం నేను గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను. లోపల కూర్చుంటే నాకు ఇష్టం లేదని అనుకుంటారని భయం. బయటికి వెళ్లేటప్పుడు అలవాటు కొద్దీ తెల్లచొక్కా వేసుకున్నాను. మేళం బయలుదేరింది. ముందు ట్రంపెట్ పట్టుకుని బ్యాండు మేస్త్రి, వెనక డ్రమ్ములు, ఆ వెనక పూలు కట్టిన కారు. మా ఊళ్లో వినాయకుడికైనా పెళ్లికైనా అతనే. అతను నన్ను చూశాడు. చూడగానే ట్రంపెట్ దించేశాడు. వెనకవాళ్లు టక్కున ఆపేశారు.

ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు. కారు పక్కన నడుస్తున్న ఎదురింటాయన "వాయించబ్బా, వాయించు!" అంటున్నాడు. మేస్త్రి ఆయనను చూడలేదు, నన్నే చూస్తున్నాడు. నేను చెయ్యెత్తి ముందుకు ఊపాను. వాయించమని. అతను నాకు దణ్ణం పెట్టి తన వాళ్ల వైపు తిరిగాడు.

"సూసినారు గదా? సద్దు చేయకుండా గమ్మున రాండి."

చెప్పుల చప్పుడు, కారు చప్పుడు. అంతే. కారు అద్దంలోంచి పెళ్లికూతురు నా వైపే చూస్తూ పోయింది. వీధి మలుపు తిరగ్గానే మేళం మళ్లీ అందుకుంది.

నోరు తెరిచి వాయించమని ఒక్క మాట అని ఉండచ్చు. ఎందుకు అనలేదో ఇప్పటికీ తెలియదు. చెయ్యి ఊపితే చాలనుకున్నానా, లేక ఆగిపోయినందుకు లోపల ఎక్కడో హాయిగా అనిపించిందా?

"మర్యాద తెలిసినోళ్లు," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. అది మర్యాద కాదని ఆమెకు చెప్పలేదు. ఏమిటో నాకు తెలిస్తే కదా.

తర్వాత ఒక రోజు అమ్మాయి పుట్టింటికి వచ్చింది. మిఠాయి డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, గాజులు సర్దుకుంటూ కూర్చుంది.

"కొట్టించమని చెప్పి మళ్లీ ఎందుకాపినారు పెదనాయనా?"

"ఆపలేదమ్మా. వాయించమనే చెయ్యెత్తినాను."

"నిజంగానా?"

"అనే అనుకుంటా ఉండాను."

ఆమె ఫోన్ తీసింది. కార్లోంచి ఎవరో తీసిన వీడియో. మేళం మోగుతోంది, ఆగింది. గేటు దగ్గర తెల్లచొక్కాలో ఒక మనిషి చెయ్యెత్తాడు. ఎవరిని అడిగినా ఆపమంటున్నాడనే చెప్తారు. నేను మళ్లీ పెట్టమన్నాను. రెండోసారీ అట్లాగే ఉంది.

"ఆ మాట పెద్దమ్మ నిజంగానే అనిందా?" అని అడిగాను.

"అనింది. 'మీ పెదనాయన ఎట్లన్నా ఆపేస్తాడు. అయినా నువ్వు కొట్టించు' అని కూడా అనింది. అది మీకు చెప్పలేదు, బాధపడతారని."

ఫోన్లో కారు మలుపు తిరిగింది. మేళం ఒక్కసారిగా పెద్దగా మోగింది.

"ఏందప్పా ఆ సద్దు?" అని అక్క లోపలి నుంచి అరిచింది. అమ్మాయి కంగారుగా ఫోన్ మీద వేలు పెట్టబోయింది.

"ఆపొద్దు," అన్నాను.

వీడియో ఇంకా కొంచెమే ఉంది.